పగలు నిద్రపోయే మనిషి పొట్లం

ఆవిడను ఆ వీధిలో అందరూ నిద్రమ్మ అనేవారు. వెక్కిరింత కాదు, పనిని బట్టి వచ్చిన పేరు. నిద్రపట్టని వాళ్ళకు మూలికల పొట్లాలు కట్టిచ్చే మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆవిడ మాత్రం రోజుకు ఐదు గంటలకు మించి పడుకున్న దాఖలా లేదు. పక్కనే ఫోటోలకు ఫ్రేములు కట్టే మరిది ఆ మాటే పట్టుకుని ఆటపట్టించేవాడు. "ఊరందరికీ నిద్ర పంచిపెట్టేశావు వదినా, నీకంటూ ఓ గంట దాచుకోవద్దూ?"

కొట్టు చిన్నదే. ముందు గదిలో కౌంటరు, దాని వెనక గోడంతా చెక్క సొరుగులు. వెనక గదిలో ఆకులూ పూలూ ఆరబెట్టే జల్లెడ అరలు. పైన కాపురం. అక్కడ అత్తగారు, కోడలు, ఇద్దరే. నిద్రమ్మ భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు మొరాయించాయి గాని, నోరూ ముక్కూ ఇంకా కత్తిలా పనిచేస్తున్నాయి.

ఆ కొట్టుకు పేరు తెచ్చింది హాప్స్ పువ్వు. బీరుకు చేదు ఎక్కించడానికి వేసేది ఆ పువ్వునే. తీగకు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంది. పొరలు పొరలుగా, పల్చటి కాగితం మడిచినట్టుంటుంది. విప్పి చూస్తే పొరల మొదట్లో పసుపుపచ్చటి పొడి, వేళ్ళకు జిగురుగా అంటుకుంటుంది. అత్తగారు చిన్నతనంలో తల్లి వెంట హాప్స్ తోటల్లో కోతకు వెళ్ళేది. పొద్దున చలాకీగా పాటలు పాడుకుంటూ కోసే ఆడవాళ్ళు మధ్యాహ్నానికి కళ్ళు మూతలుపడి తూలేవారట. మేస్త్రీ వాళ్ళను సోమరిపోతులని తిట్టిపోసేవాడట. ఆ పొడి సంగతి తెలిసిన ముసలమ్మలు మాత్రం నవ్వుకుని, పోయేటప్పుడు కొంగులో గుప్పెడు పువ్వులు కట్టుకుపోయి దిండులో కూరుకునేవారు. అత్తగారు పెళ్ళయి వచ్చాక ఈ కొట్టులో మొదట అమ్మింది ఆ దిండ్లే.

తర్వాత ఒక్కొక్కటే చేరాయి. చామంతికి చెల్లెలులాంటి చామొమైల్ పూలు, నిమ్మవాసన వేసే మెలిస్సా ఆకు, లావెండరు, మన తగరకు చుట్టమైన వలేరియన్ వేరు. పన్ను నొప్పన్న వాళ్ళకు హాప్స్ మూటను పెనం మీద వెచ్చచేసి దవడకు పెట్టుకోమనేది. తిండి సహించని వాళ్ళకు భోజనానికి ముందు రెండు గుక్కల చేదు కషాయం తాగమనేది. నిద్రపట్టని వాళ్ళకు నాలుగు రకాలు కలిపిన పొట్లం ఇచ్చేది. కోడలికి ఇవన్నీ నేర్పుతూ, చేయాల్సిన వాటికంటే చేయకూడనివే ఎక్కువ చెప్పింది. "దిగులుతో కుంగిపోయిన మనిషికి హాప్స్ ఇవ్వకు. ఇంకా కుంగదీస్తుంది. డాక్టరు ఇచ్చిన నిద్రమాత్ర వేసుకునేవాళ్ళకు మన పొట్లమే వద్దు. అడక్కుండా ఎవరికీ ఏదీ కట్టకు."

అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇంకోటి. కొత్త బస్తా విప్పగానే ముందు కంటితో చూడాలి, తర్వాత వాసన చూడాలి, ఆఖర్న ఓ తునక నాలుక మీద పెట్టుకోవాలి. ఈ మూడూ కాకుండా చిటికెడు కూడా సొరుగులో పోయకూడదు.

నిద్రమ్మ ఇరవై రెండేళ్ళు ఆ మాట జవదాటలేదు. రెండేళ్ళ క్రితం అత్తగారి నుంచి తాళాలు తీసుకున్నప్పుడు కూడా అదే ధీమా. "ఇక మీరు పైన హాయిగా కూర్చోండి అత్తయ్యా. కొట్టు నేను చూసుకుంటాను" అంది. మంచికే అంది. కానీ అందులో కొంచెం, ఇక మీ అజమాయిషీ చాలు అన్నది కూడా ఉంది. అత్తగారు తాళాల గుత్తి బల్ల మీద పెట్టి మెట్లెక్కింది. అప్పట్నుంచి కిందికి దిగడం తగ్గించేసింది.

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో నిద్రమ్మకు జలుబు చేసింది. వారానికి జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం పోయి మళ్ళీ రాలేదు. కూర మాడితే తెలియలేదు. లావెండరు సొరుగులో మొహం పెట్టి గట్టిగా పీల్చినా, ఉత్త గాలి. నాలుకకూ ఉప్పూ పులుపూ తప్ప ఇంకేమీ అందడం లేదు. ఎవరికీ చెప్పలేదు. రేపో మాపో వచ్చేస్తుందనుకుంది. పైన ఉన్న మనిషికి తెలిస్తే తాళాలు అడుగుతుందేమోనని కూడా అనుకుంది. ఆ రెండో ఆలోచనను తన దగ్గర తానే ఒప్పుకోలేదు.

అలా పదిహేడు రోజులు గడిచాక వలేరియన్ వేరు అయిపోయింది. ఎప్పుడూ తెచ్చే వ్యాపారి వృత్తి మానుకున్నాడు. కొత్తతను బస్తా దించి, "ఈసారి ముదురు వేరమ్మా, రంగు కాస్త ఎక్కువ" అని చెప్పి వెళ్ళాడు. విప్పి చూసింది. సన్నటి వేళ్ళ మధ్య అక్కడక్కడ లావుపాటి నల్లటి ముక్కలు. ముదురన్నాడుగా, అనుకుంది. వాసన చూసినట్టు వంగింది గాని, చూసిందేమీ లేదు. కొట్టులో ఓ ముసలి పిల్లి ఉండేది. వలేరియన్ బస్తా వస్తే చాలు దాని మీద పడి పొర్లేది. ఆ రోజు దగ్గరికొచ్చి, ఒకసారి ముక్కు ఆనించి, వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. నిద్రమ్మ అది చూసింది. "నీకూ వయసైపోయిందే" అంది దానితో.

ఇక మిగిలింది నాలుక. రుచే తెలియనప్పుడు చప్పరించి ఏం లాభం అనుకుంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నాలుక మీద పెట్టుకోకుండా వేరు దంచి, మిగతా మూడింటితో కలిపి పది పొట్లాలు కట్టింది. సాయంత్రానికి మూడు అమ్ముడయ్యాయి.

మర్నాడు పొద్దున తొమ్మిదికి పది నిమిషాలుండగా ఫోన్ మోగింది. ముందురోజు పొట్లం తీసుకెళ్ళిన టీచరమ్మ.

"ఏం కలిపారండీ ఈసారి? రాత్రి ఒక్క గుక్క తాగానంతే, పెదాలూ నాలుకా తిమ్మిరెక్కిపోయాయి. చీమలు పాకినట్టు. భయమేసి ఉమ్మేసి, మిగతాది సింకులో పోశాను. పొద్దున్నకి తగ్గిందిలెండి, కానీ ఎందుకైనా మంచిదని చెబుతున్నా."

నిద్రమ్మ చూపు బస్తా మీదికి పోయింది. "మళ్ళీ తాగకండి. ఆ పొట్లం ఎవరికీ ఇవ్వకండి. ఛాతీలో ఏమైనా తేడాగా అనిపిస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళండి" అని మాత్రం అనగలిగింది. ఫోన్ పెట్టేసి, బస్తాలోంచి గుప్పెడు వేళ్ళు పళ్ళెంలో పోసుకుని మెట్లెక్కింది. పన్నెండు మెట్లు. ఏం చెప్పాలో ఒక్క మెట్టు మీద కూడా తోచలేదు.

అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని గోళ్ళు తీసుకుంటోంది.

"అత్తయ్యా, ఇది ఒకసారి వాసన చూడండి."

"నీ ముక్కుకేమైంది?"

"పనిచేయడం లేదు."

"ఎన్నాళ్ళయింది?"

"పద్దెనిమిది రోజులు."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత గోరుకత్తెర పక్కన పెట్టి, పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది. సన్నటి వేళ్ళు వాసన చూసి పక్కకు నెట్టింది. లావుపాటి నల్లముక్క తీసి పుటుక్కున విరిచి, లోపలి రంగు వెలుతురుకు పెట్టి చూసింది. విరిచిన అంచును నాలుక కొసకు ఇలా తాకించి, వెంటనే కిటికీలోంచి ఉమ్మి, నీళ్ళు పుక్కిలించి మళ్ళీ ఉమ్మింది.

"ఇది నీ వేరు కాదు. వసనాభి."

మూలికల పని చేసేవాళ్ళలో ఆ విషపు వేరు పేరు తెలియనివాళ్ళుండరు. తిమ్మిరితో మొదలవుతుంది, గుండె లయ తప్పుతుంది, ఆ తర్వాత ఎవరి చేతిలోనూ ఉండదు.

"బస్తా అంతా అది కాదు. పది ముక్కల్లో ఒకటో రెండో కలిశాయి" అంది అత్తగారు. గొంతు మామూలుగానే ఉంది. "ఎన్ని పొట్లాలు బయటికెళ్ళాయి?"

"మూడు. టీచరమ్మ. మూల మీద సెలూనతను, వాళ్ళమ్మ కోసం. ఇంకొకటి కోల్డ్ స్టోరేజీలో రాత్రి కాపలా కాసే గార్డు."

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. మిగతావాళ్ళు రాత్రిపూట తాగేవాళ్ళు. పగలు పడుకునేవాడు ఎప్పుడు తాగుతాడు?"

నిద్రమ్మ గడియారం చూసింది. తొమ్మిదీ ఐదు. గార్డు ఎనిమిదికి డ్యూటీ దిగుతాడు. ముందురోజు సాయంత్రం కౌంటరు మీద మోచేతులానించి అతనే చెప్పాడు. "గది ఎదురుగా ఏదో కడుతున్నారక్కా. పొద్దున పది అయిందంటే డ్రిల్లు మోత. అది మొదలవకముందే నిద్రలోకి జారిపోవాలి. కాస్త గట్టిగా పనిచేసేది ఇవ్వండి." తనే చెప్పింది, రెండు చెంచాలు వేడినీళ్ళలో వేసి పావుగంట మూతపెట్టమని. తన నోటితోనే.

మెట్లు ఎలా దిగిందో తెలియదు. సెలూనుకు ఫోన్ చేస్తే అతని భార్య ఎత్తింది. పొట్లం ఇంకా అద్దం ముందే ఉందట, అమ్మ పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళిందట. "తెరవకండి. పిల్లలకు అందనివ్వకండి. మనిషిని పంపిస్తాను" అంది. ఒకటి దక్కింది. గార్డు నంబరు కలిపింది. స్విచ్చాఫ్. నిద్రపోయే ముందు ఫోన్ ఆపేస్తాడు కాబోలు. మళ్ళీ కలిపింది. మళ్ళీ అదే.

"నువ్వు ఫోన్ వదిలెయ్. వాడి పనిచోటికి నేను చేస్తా, అడ్రసు కనుక్కుంటా. నువ్వు బయల్దేరు" అంది వెనకనుంచి అత్తగారు. మోకాళ్ళు పట్టుకుని, మెట్టుకో మూలుగుతో ఆవిడ అప్పటికే కిందికి దిగిపోయింది. "ఆ ముక్క కాగితంలో చుట్టి పట్టుకెళ్ళు. చేత్తో పట్టుకోకు. డాక్టర్లకు చూపించాలి."

మరిది ఫ్రేముకు మేకులు కొడుతున్నాడు. వదిన మొహం చూసి సుత్తి కింద పెట్టేశాడు. సగం చెప్పేసరికే స్కూటరు తాళం తీశాడు.

గార్డు ఇల్లు ఎక్కడో నిద్రమ్మకు తెలిసింది ఒక్కటే: బస్టాండు వెనక, లాండ్రీ పైన. ఆ వీధిలోకి తిరిగాక తెలిసింది, బస్టాండు వెనక లాండ్రీలు రెండున్నాయని. మొదటిదాని పైన ఇద్దరు విద్యార్థులు, ఒక దర్జీ. గార్డా, ఎవరూ లేరే అన్నారు. ఇద్దరూ మళ్ళీ రోడ్డు మీదికొచ్చారు. బస్సులు వెనక్కి తీస్తున్నారు, దారి లేదు. స్కూటరు ఆగినచోటే ఆగి గుర్రుమంటోంది. బస్టాండు గడియారంలో తొమ్మిదీ ఇరవై ఎనిమిది. వీధి చివర కడుతున్న భవనం దగ్గర డ్రిల్లు ఇంకా మొదలవలేదు. ఆ నిశ్శబ్దం నిద్రమ్మ చెవుల్లో హోరుమంది.

మరిది జేబులో ఫోన్ మోగింది. అత్తగారి గొంతు అంత దూరానికీ వినిపించింది. "రెండో లాండ్రీ. నీలం షట్టరు. మూడో అంతస్తు, ఎడమ పక్క."

నిద్రమ్మ స్కూటరు దిగి పరుగెత్తింది. యాభై రెండేళ్ళ మనిషి, బరువైన మనిషి, బస్సుల మధ్యనుంచి దారి చేసుకుంటూ పరుగెత్తింది. నీలం షట్టరు, ఆవిరి వాసన ఆవిడకు అందని లాండ్రీ, ఇరుకు మెట్లు. మూడో అంతస్తులో ఎడమ తలుపు లోపల గడియ వేసుంది. దబదబా బాదింది. "తమ్ముడూ! నేను, మూలికల కొట్టక్కని! తాగకు! తలుపు తియ్!"

సమాధానం లేదు. చెవి ఆనించి వింది. లోపల ఏదో గీరుకున్నట్టు చప్పుడు, తర్వాత వాంతి చేసుకుంటున్న శబ్దం.

మరిది రొప్పుతూ పైకొచ్చాడు. భుజంతో రెండుసార్లు గుద్దాడు. తలుపు చలించలేదు. అప్పుడతను ఆగి, తలుపు పక్కనున్న కిటికీ అద్దం చూశాడు. ఇరవై ఏళ్ళుగా అద్దాలు బిగించే చేయి అది. జేబులో ఎప్పుడూ ఉండే చిన్న ఉలితో అంచున ఉన్న ఎండిన లప్పం గబగబా లేపి, అద్దాన్ని పగలకుండా చేతుల్లోకి తీసుకుని గోడకు ఆనించాడు. ఆ ఖాళీలోంచి చేయి పెట్టి గడియ లాగేసరికి నిమిషమున్నర పట్టింది. ఆ నిమిషమున్నరా నిద్రమ్మ తలుపుకు నుదురానించి లోపలున్న గార్డుతో మాట్లాడుతూనే ఉంది.

గార్డు మంచానికీ గోడకూ మధ్య నేల మీద ఉన్నాడు. యూనిఫాం చొక్కా ఇంకా విప్పలేదు. బల్ల మీద కప్పు, అందులో మూడొంతులు అలాగే ఉంది.

"ఎంత తాగావు?"

"కొంచెమే... చేదుగా ఉందని ఆపేశా." మాట ముద్దముద్దగా వస్తోంది. "మొహం తెలియడం లేదక్కా. చేతులు నావి కానట్టున్నాయి. గుండె... గుండె ఎగిరెగిరి పడుతోంది."

అంబులెన్సుకు ఇరవై నిమిషాలన్నారు. లాండ్రీ యజమాని తన వ్యాను తీశాడు. హోటళ్ళకు దుప్పట్లు చేరవేసే వ్యాను. ఉతికిన దుప్పట్ల మూటల మీద గార్డును పక్కకు తిప్పి పడుకోబెట్టి, నిద్రమ్మ అతని మణికట్టు పట్టుకు కూర్చుంది. నాడి వేళ్ళ కింద గబగబా నాలుగు కొట్టి ఆగుతోంది. మళ్ళీ కొడుతోంది. "మాట్లాడుతూ ఉండు తమ్ముడూ. మీ వాళ్ళెవరున్నారు?" అంటే, "అక్క... ఒక్కతే" అన్నాడు. ఆ మాట తర్వాత ఏమీ మాట్లాడలేదు.

ఆసుపత్రిలో అత్యవసర విభాగం తలుపు దగ్గరే డాక్టరమ్మ ఎదురొచ్చింది. చిన్న వయసు, పెద్ద గొంతు. "ఏమైంది? ఏం తీసుకున్నాడు?"

ఆ క్షణాన నిద్రమ్మ నాలుక మీదికి ఒక జవాబు తయారుగా వచ్చి కూర్చుంది. తెలియదండీ, గదిలో పడుంటే తెచ్చాం. ఎంత తేలిక! కప్పు గదిలోనే ఉంది. పొట్లం మీద కొట్టు పేరు లేదు. మరిది నేలచూపులు చూస్తున్నాడు. అతను చెప్పడు, వదిన ఎలా చెబితే అలా అంటాడు. ఇరవై రెండేళ్ళ పేరు, అత్తగారి యాభై ఏళ్ళ పేరు, అన్నీ ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఉన్నాయి. అదంతా ఒక్క రెప్పపాటు.

"వసనాభి వేరు" అంది నిద్రమ్మ. "నా కొట్టులో నేనే ఇచ్చాను. నిద్రమందులో పొరపాటున కలిసింది. పావు కప్పు తాగాడు, అరగంట అయ్యుంటుంది. మిగతావి హాప్స్, చామొమైల్, మెలిస్సా, వలేరియన్. ఇదిగో ముక్క." కాగితం విప్పి చేతిలో పెట్టింది.

డాక్టరమ్మ ఆ ముక్కను ఒక్కసారి చూసి, తల తిప్పి లోపలికి అరిచింది. గుండె మానిటరు, ఏవో మందుల పేర్లు, విషాల విభాగానికి ఫోన్. బల్ల చక్రాలు గరగరలాడుతూ లోపలికెళ్ళిపోయాయి. తలుపు మూసుకుంది.

ఇక ఎదురుచూడటమే పని. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ఒక పాత పోస్టరు. లోపల్నుంచి ఉండుండి మానిటరు కూత వేగం పెరిగేది. పెరిగినప్పుడల్లా నర్సులు పరుగెత్తేవారు. పన్నెండు గంటల వేళ గుండె ఒకసారి పూర్తిగా లయ తప్పిందనీ, కరెంటు షాకు ఇచ్చి దారిలో పెట్టారనీ మరిది కనుక్కుని వచ్చి చెప్పాడు. నిద్రమ్మ తలూపింది. నీళ్ళ సీసా ఇస్తే పట్టుకుంది, తాగలేదు.

ఒంటిగంటకు గార్డు అక్క వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తలకు జుట్టు కప్పే వల ఇంకా అలాగే ఉంది. నర్సును అడిగి, ఇటు తిరిగింది.

"మందిచ్చింది నువ్వేనా?"

నిద్రమ్మ లేచి నిలబడింది. "నేనేనమ్మా."

"నీకు తెలియకుండా కలిసిందంటగా."

"కలిసింది నాకు తెలియదు. కానీ నేను చూడాల్సినట్టు చూడలేదు. నాకు వాసన తెలియడం లేదు. ఆ సంగతి తెలిసీ అమ్మాను."

మరిది గతుక్కుమన్నాడు. అంత చెప్పాల్సిన అవసరం లేదు, ఎవరూ అడగలేదు. గార్డు అక్క చేయి పైకి లేచింది, కొడుతుందనే అనుకున్నారు ఇద్దరూ. కొట్టలేదు. చేత్తో తన నోరు తానే మూసుకుని, దూరంగా ఉన్న కుర్చీలో కూలబడి ఏడ్చింది. కాసేపయ్యాక అటునుంచే అంది: "వాడు లేచి నడిచేదాకా నువ్విక్కడే ఉండు. ఇంటికెళ్ళడానికి వీల్లేదు."

"వెళ్ళను" అంది నిద్రమ్మ.

వెళ్ళలేదు. పోలీసులొచ్చి వాంగ్మూలం రాసుకుంటే, అక్కడే కుర్చీలో కూర్చుని మొదట్నుంచీ చెప్పింది. కొత్త వ్యాపారి పేరూ చెప్పింది, తను చేయని రెండు పనులూ చెప్పింది. మర్నాడు పదకొండింటికి డాక్టరమ్మ బయటికొచ్చి, లయ స్థిరంగా ఉందనీ, గండం గడిచినట్టేననీ అంది. గార్డు అక్క లోపలికి పరుగెత్తింది. రాత్రంతా కుర్చీలోనే ఉన్న నిద్రమ్మను మరిది రెక్క పట్టుకు లేపాడు.

"ఒక్క మాట," అంది డాక్టరమ్మ వెళ్ళబోతూ ఆగి. "మీరు ఆ వేరు పేరు చెప్పకపోతే మేం గంటసేపు వెతుక్కునేవాళ్ళం. ఆ గంట అతనికి ఉండేది కాదు." మెచ్చుకోలుగా అనలేదు, జరిగింది చెప్పినట్టు చెప్పింది.

ఇక వెళ్ళమని గార్డు అక్కే అన్నాక ఇంటికొచ్చేసరికి కొట్టు తలుపు మీద అత్తగారి పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి ఉంది: "నిన్న, మొన్న ఇక్కడ కొన్నది ఏదైనా వాడకండి. తిరిగి తెచ్చివ్వండి." మిగిలిన ఏడు పొట్లాలూ, సెలూనతని పొట్లమూ, బస్తా, అన్నీ తాడుతో కట్టి అధికారుల కోసం పక్కన పెట్టింది.

నిద్రమ్మ కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుంది. అత్తగారు కౌంటరు వెనక.

"ముక్కు పోయిందని చెబితే తాళాలు లాక్కుంటాననుకున్నావా?"

"అనుకున్నాను అత్తయ్యా."

"లాక్కునేదాన్నే." ముసలావిడ సొరుగు ఒకటి తెరిచి, మూసింది. "ముక్కు వచ్చేదాకా. వచ్చాక నీ మొహాన కొట్టేదాన్ని. ఈ మోకాళ్ళతో నేనేం చేసుకుంటానే కొట్టు?" అని, గొంతు తగ్గించి, "నేనూ కిందికి దిగి ఓసారి చూడాల్సింది. వద్దన్నావని పంతం పట్టుకు కూర్చున్నా" అంది.

అప్పుడు ఏడ్చింది నిద్రమ్మ. రెండు రోజుల ఏడుపూ కలిపి ఏడ్చింది.

కొట్టుకు నాలుగు నెలలు సీలు వేశారు. విచారణలో తేలింది, వ్యాపారి గిడ్డంగిలో రెండు బస్తాలు పక్కపక్కన చిరిగి, ఒలికిపోయిన వేళ్ళను చీపురుతో ఊడ్చి ఒక్కదాంట్లో ఎత్తారని. అతని లైసెన్సు పోయింది. నిద్రమ్మకు జరిమానా పడింది, కట్టింది. వీధిలో కొందరు పలకరించడం మానేశారు. టీచరమ్మ మాత్రం మానలేదు. వాసన మెల్లగా, మొండిగా, రెండున్నర నెలలకు తిరిగొచ్చింది. అయినా కొట్టు మళ్ళీ తెరిచాక ఏ బస్తా అయినా ఇద్దరూ విడివిడిగా చూసేవారు. ఒకరు చూసింది రెండోవాళ్ళకు చెప్పకుండా చీటీ మీద రాసి, తర్వాత రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసుకునేవారు. వేళ్ళన్నీ ముందు పరీక్షశాలకు పంపేవారు. అత్తగారి కోసం మరిది కౌంటరు వెనక ఎత్తు కుర్చీ ఒకటి చేసిపెట్టాడు.

గార్డు కోలుకున్నాడు. చేతివేళ్ళలో తిమ్మిరి నెల పట్టింది పోవడానికి. ఒకసారి కొట్టు దాకా వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "కోపం లేదక్కా. కానీ లోపలికి రాలేను" అన్నాడు. నిద్రమ్మ రమ్మని బలవంతపెట్టలేదు. తనే గుమ్మం దాటి బయటికి వెళ్ళి, ఫుట్‌పాత్ మీద నిలబడి అతనితో మాట్లాడింది. అతను పగటి డ్యూటీకి మారాడట. అక్క పట్టుబట్టి మార్పించిందట.

ఆ మరుసటి ఏడు డాక్టరమ్మ కబురు పంపింది. ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టర్లకు ఒక క్లాసు ఉందనీ, జనం ఇళ్ళల్లో వాడే మూలికల గురించి వచ్చి చెప్పమనీ. నిద్రమ్మ మూడుసార్లు కాదంది. "నేనేం చెప్పను, నేను మనిషిని చంపబోయినదాన్ని" అంది. "అదే చెప్పండి" అంది డాక్టరమ్మ.

వెళ్ళింది. పాతికమంది పిల్లలు, అందరి చేతుల్లో పుస్తకాలు. హాప్స్ పువ్వు తెచ్చి చేతులు మార్పించింది, పసుపు పొడి చూపించింది. నిద్రమాత్రలతో ఇవి కలిస్తే ఏమవుతుందో అడిగి వాళ్ళచేతే చెప్పించింది. తర్వాత ఆ రోజు పొద్దుటి సంగతంతా, ఏమీ దాచకుండా, పళ్ళెం పట్టుకుని మెట్లెక్కిన దగ్గర్నుంచి చెప్పింది.

చివర్లో ముందు వరసలో కూర్చున్న అమ్మాయి లేచి అడిగింది. "మేం ప్రతి రోగినీ, వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడుగుతాం మేడమ్. లేదంటారు. మరి మాకెలా తెలుస్తుంది?"

నిద్రమ్మ ఆ అమ్మాయి వైపు తిరిగింది. "మందులని అడిగితే నా పొట్లం సంగతి చెప్పరమ్మా. అది మందని వాళ్ళు అనుకోరు. పడుకోబోయే ముందు ఏం తాగుతారు, దిండులో ఏం పెట్టుకుంటారు అని అడుగు. అప్పుడు చెబుతారు."

పాతికమందీ తలలు వంచుకుని రాసుకున్నారు.